బోడిగాడి తుంటి మీద మచ్చ

అనగనగా గుట్టల నడుమ ఒక గొర్రెల కాపరుల ఊరు. ఆ ఊళ్ళో సిద్ధమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఆమెకున్నదల్లా కాసిని గొర్రెలు. తోడేళ్ళ భయానికి ఊరి గొర్రెలన్నీ రాత్రిళ్ళు ఒకే దొడ్డిలో పడుకునేవి. ఆమెవీ అందులోనే.

ఒకరోజు వాగు అవతల ఆమెకి ఒక కుక్క కనిపించింది. ఒంటి మీద వెంట్రుక అన్నది లేదు. గజ్జి పట్టి, తోలు బూడిద రంగుకి తిరిగి, ముడతలు పడి ఉంది. సిద్ధమ్మ తన సంగటి ముద్దలో సగం తుంచి పెట్టింది. అప్పుడది ఆమె వెనకాలే ఇంటికొచ్చింది.

ఊళ్ళోవాళ్ళు నవ్వారు. "ఏం సిద్ధమ్మా, కుక్కను తెచ్చుకున్నావా, తోలు ఒలిచిన మేకను తెచ్చుకున్నావా?" అన్నారు. ఆమె కూడా నవ్వి, దానికి బోడిగాడు అని పేరు పెట్టింది.

ముందు వేపాకు కాచిన నీళ్ళతో కడిగింది. ఆ తర్వాత కానుగ నూనె రాసింది. ఆ తర్వాత కడుపు నిండా తిండి పెట్టి, మిగతాది దేవుడికి వదిలేసింది.

కొన్నాళ్ళకి చెవుల మీద నూగు వచ్చింది. ఆ తర్వాత వీపు మీద వచ్చింది. ఆ తర్వాత తోక దాకా పాకింది. నల్లటి బొచ్చు, కళ్ళ పైన రెండు పసుప్పచ్చ చుక్కలు. సిద్ధమ్మ మురిసిపోయింది.

కానీ కుడి తుంటి మీద ఒకచోట మాత్రం ఏమీ మొలవలేదు. నూనె చాల్లేదేమో అనుకుని అక్కడ ఇంకాస్త రుద్దింది. చుట్టూ బొచ్చు పెరిగేకొద్దీ ఆ బోడి చోటు గీత గీసినట్టు తేలింది. ఒక పొద్దున ఆమె దాన్ని ఎండలో చూసింది. చూసి, చేతిలో నూనె గిన్నె వదిలేసింది.

అది కొడవలి ఆకారం.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. గొర్రెను కొరికిన కుక్కకి కొడవలి కాల్చి తుంటి మీద వాత పెట్టి, వాగు దాటించి తరిమేసేవాళ్ళు. అలాంటి కుక్కకి ఎవరు ముద్ద పెట్టినా, వాళ్ళ గొర్రెల్ని దొడ్డిలోంచి వెళ్ళగొట్టేవాళ్ళు. దొడ్డి బయట గొర్రెలంటే తోడేళ్ళకి విస్తరి వేసినట్టే కదా.

ఒళ్ళంతా బోడిగా ఉన్నప్పుడు ఆ వాత ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు తన చేతులతో తనే దాన్ని బయటపెట్టింది.

సిద్ధమ్మ మచ్చ మీద మసి పూసింది. బోడిగాడు నాకేశాడు. అప్పుడు పాత కంబళి ముక్క కట్టింది. వాడు కొరికేశాడు. ఆ తర్వాత ఇంట్లో పెట్టి తలుపేసింది. వాడు ఊరంతా వినేలా ఏడ్చాడు.

ఆ ఏడుపు విని పెద్దకాపరి బీరప్ప వచ్చాడు. ఆయన వెంట ఊరు వచ్చింది. వాతలు పెట్టేది ఆయనే. తలుపు తీయించి, కుక్కను చూసి గడపలోనే ఆగిపోయాడు.

"ఇది నా కుక్క కరియా. పోయిన చలికాలం నేనే కాల్చాను," అన్నాడు. "అమ్మీ, కుక్క కావాలో, దొడ్డి కావాలో చెప్పు."

"అది గొర్రెను కొరకడం నువ్వు చూశావా మామా?"

"నోటి నిండా నెత్తురు. పక్కన చచ్చిన గొర్రెపిల్ల. ఇంకేం చూడాలి?"

నూనె రాసీ రాసీ ఆ ఒళ్ళంతా సిద్ధమ్మ వేళ్ళకి తెలుసు. బోడిగాడి గడ్డం పైకెత్తి, మెడ కింద బొచ్చు విడదీసింది. అక్కడా వెంట్రుక మొలవని మచ్చలున్నాయి. ఒక పక్క రెండు, ఇంకో పక్క రెండు, గుండ్రంగా, లోతుగా.

"ఇవి కూడా నువ్వు పెట్టిన వాతలేనా మామా?" అంది.

బీరప్ప వంగి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. తోడేలు కోరలు ఎక్కడ దిగుతాయో, ఎంత ఎడంగా దిగుతాయో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రోజు పిల్లను చంపింది తోడేలు. తన గొంతు దాని నోట చిక్కినా వదలకుండా పోట్లాడింది ఈ కుక్క. దాని నోట్లో ఉన్నది తోడేలు నెత్తురు.

"అప్పుడు బొచ్చు ఒత్తుగా ఉండె," అన్నాడు బీరప్ప.

"విడదీసి చూశావా?"

బీరప్ప మోకాళ్ళ మీద కూర్చుని, "కరియా," అని చెయ్యి చాపాడు.

తోడేలుకి వెరవని ఆ కుక్క సిద్ధమ్మ వెనక నక్కి, నిలబడ్డచోటే ఉచ్చ పోసుకుంది. ఊరంతా చూసింది.

సిద్ధమ్మ గొర్రెలు దొడ్డిలోనే ఉన్నాయి. బోడిగాడు మందకి కాపలా వెళ్ళాడు. ఇకనుంచి వాత పెట్టేముందు కుక్క ఒళ్ళంతా బొచ్చు విడదీసి చూడాలని ఊళ్ళో అనుకున్నారు. అంత ఓపిక ఎవరికుంది? దాంతో వాతలే ఆగిపోయాయి.

బీరప్ప రోజూ సంగటి కలిపి తెచ్చేవాడు. ఆయన నిలబడి ఉన్నంతసేపూ బోడిగాడు ముద్ద ముట్టేవాడు కాదు. అందుకని అక్కడ పెట్టేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం నేర్చుకున్నాడు.

మరి తుంటి మీద బొచ్చు వచ్చిందా అంటావా? రాలేదమ్మా. కాలిన చోట వెంట్రుక మొలవదు. పక్కనున్న బొచ్చే పొడుగ్గా పెరిగి, దాని మీద వాలి పడుకుంది.

కుక్కేమో మంద దారి పట్టింది,
కథేమో కంచి దారి పట్టింది,
మా బుజ్జితల్లికి నిద్దర పట్టింది.