గోరింక పొద్దుటి కబుర్లు

మనుషుల కాలిబాట పడని గుట్టల నడుమ ఒక ఇప్పవనం ఉంది. మండుటెండలకు చుట్టుపక్కల గడ్డంతా మాడిపోయాక అక్కడి జంతువులకు తిండంటే తెల్లవారుజామున రాలే ఇప్పపూలే, నీళ్ళంటే ఒక్క మడుగే. ఆ సంగతి చిరుతకూ తెలుసు. అందుకే అది ఆ రెండింటి మధ్య పొదల్లోనే కాపురం పెట్టింది.

మరి అలాంటి చోట దుప్పులు ఎలా బతికాయంటే, కొండముచ్చుల పుణ్యాన బతికాయి. తల వంచి మేసే దుప్పికి కళ్ళు నేల మీదే ఉంటాయి. కొమ్మ మీది కొండముచ్చుకు నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. చిరుత తోక కొస కంటబడినా చాలు, కొండముచ్చు "ఖ్ఖ! ఖ్ఖ!" అని దగ్గుతుంది. కొండముచ్చులు పూలకోసం కిందికి దిగినప్పుడు దుప్పులు గాలి వాసన పట్టి వాటిని కాపాడతాయి. తాతల నాటి కట్టుబాటు ఒకటుంది: కూత వినగానే ముందు పరుగెత్తాలి, ఎందుకో తర్వాత అడగాలి.

ఈరమ్మ అనే దుప్పి ఆ కట్టుబాటును ఒక్కనాడూ తప్పలేదు. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పోలి, నిరుడు పుట్టింది. చిన్నది బుడిగి, పుట్టి రెండు వారాలు. బుడిగికి కాళ్ళింకా కుదురుకోలేదు. మందతో సమానంగా పరుగెత్తలేదు. అందరికంటే నాలుగు అడుగులు ముందు కదిలితేనే దాని ప్రాణం దక్కుతుంది. ఆ నాలుగు అడుగుల వ్యవధి ఇచ్చేది గురవయ్య అనే ముసలి కొండముచ్చు దగ్గు.

ఆ దగ్గు వల్ల చిరుతకు పస్తులు. చిరుత పస్తుంటే నక్కకూ పస్తులే, ఎందుకంటే అది చిరుత తినగా మిగిలిన ఎముకలు నాకి బతికే ప్రాణి. కొండముచ్చుల నోరు మూయించడం ఎటూ కుదరదు. దుప్పుల చెవులు మూయిస్తే సరిపోతుంది కదా అనుకుంది నక్క. అనుకుని గోరింక దగ్గరికి వెళ్ళింది.

గోరింక రోజంతా దుప్పుల వీపుల మీద కూర్చుని పురుగులు ఏరుకుంటూ వాళ్ళ చెవుల్లో ఊసులు చెబుతుండేది. అందరి గొంతులూ అనుకరించేది. అందుకని అదంటే అందరికీ ఇష్టం.

"రోజూ ఒక చెదలపుట్ట తవ్వి పెడతా. ఇక నువ్వు పురుగులు ఏరుకోనక్కర్లేదు. పొద్దున్నే ఆ ఎండు మద్దిచెట్టు మీద కూర్చుని వనానికంతా కబుర్లు చెప్పు చాలు" అంది నక్క.

"అబద్ధాలు చెప్పమంటావా ఏంది బావా?"

"ఛ ఛ! తొమ్మిది నిజాలు చెప్పు. పదోది మాత్రం నేను చెప్పమన్నది చెప్పు."

మర్నాటి నుంచి పొద్దుటి కబుర్లు మొదలయ్యాయి. మడుగులో నీళ్ళు ఏ ఒడ్డున తేటగా ఉన్నాయో, ఏ చెట్టు కింద పూలు ఎక్కువ రాలాయో గోరింక చెప్పేది. వెళ్ళి చూస్తే అన్నీ నిజమే. వారం తిరిగేసరికి మందంతా మద్దిచెట్టు కింద చేరి, గోరింక నోరు తెరిస్తే తప్ప మేతకు కదలని స్థితికి వచ్చింది. అప్పుడు వదిలింది గోరింక పదో కబురు.

"అన్నట్టు, నిన్న గురవయ్య దగ్గాడు, మీరంతా పూలు వదిలేసి పరుగెత్తారు. ఆ పూలు ఆ తర్వాత ఎవరు తిన్నారో? నేనేమీ అనటంలా. ఊరికే అడుగుతున్నా."

ఆ ఒక్క ప్రశ్న మందలో చీమలా పాకింది. దుప్పులు పరుగెత్తాక కొండముచ్చులు దిగి పూలు తిన్నమాట నిజమే. ఎప్పుడూ తింటూనే ఉన్నాయి. చిరుత వెళ్ళాక తిన్నాయి. ఆ చివరి ముక్క గోరింక చెప్పలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు.

మందకు పెద్ద అంకన్న, ఏడు కొసల కొమ్ములున్న పోతు. "ఇన్నాళ్ళూ మనల్ని వెర్రోళ్ళని చేశారన్నమాట! చిరుతను కళ్ళారా చూసింది ఎవరు? నేను చూసి ఏడాదైంది!" అని గిట్టలతో నేల తవ్వాడు.

"కూత వినగానే పరుగెత్తాం కాబట్టే చూడలేదు మామా. చూసినోళ్ళు చెప్పడానికి మిగల్లేదు" అంది ఈరమ్మ.

"అదిగో, కోతుల తరఫు మనిషి మాట్లాడింది" అంది పై నుంచి గోరింక. మంద ఘొల్లున నవ్వింది. నవ్వినవాళ్ళలో పోలి కూడా ఉంది.

ఈరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తనను ఎవరు ఏమన్నా పడేదే, కడుపున పుట్టింది నవ్వితే ఎలా పడుతుంది? "ఏమే, నీకు పాలిచ్చిన దాన్ని నేనా, ఆ గోరింకా?" అని అరిచింది.

"నీకు కోతుల పిచ్చి పట్టిందమ్మా. గోరింక చెప్పింది ఒక్కటైనా తప్పిందా?" అంది పోలి.

రెండు రోజులకు నక్క ఒక సభ పెట్టించింది. ఇరుపక్షాల మాటా వింటామని చాటింపు. గురవయ్య పాపం నమ్మి వచ్చాడు. చిరుత ఎక్కడ పడుకుంటుందో, ఏ వేళకు కదులుతుందో అన్నీ చెబుదామని సిద్ధపడి మరీ వచ్చాడు.

"ఒక్క మాటలో చెప్పు గురవయ్యా. మీరు పూలు తిన్నారా, లేదా?" అంది గోరింక.

"తిన్నాం. కానీ అది..."

"తిన్నామని ఒప్పుకున్నాడు!"

"అయ్యా, చిరుత వెళ్ళిపోయాక కదా..."

"మీరు ఉండేది చెట్టు మీదా, నేల మీదా?"

"చెట్టు మీదే, కానీ..."

"చెట్టు మీద ఉండేవాడికి నేల మీద వాళ్ళ బాధ ఏం తెలుస్తుంది? అవునా, కాదా?"

గురవయ్య నోరు తెరిచిన ప్రతిసారీ గోరింక అతని గొంతుతోనే "తిన్నాం, తిన్నాం" అని అరిచింది. కాకులు ఈలలు వేశాయి. నక్క మాత్రం ఒక పక్కన బుద్ధిమంతుడిలా కూర్చుని, "పెద్దాయన్ని మాట్లాడనివ్వండయ్యా" అంటూ జాలి పడింది. ఆఖరికి గురవయ్య దిగులుగా కొమ్మెక్కాడు. ఎక్కుతూ ఈరమ్మకు వినబడేలా, "నువ్వు విన్నా వినకపోయినా నేను దగ్గుతూనే ఉంటానమ్మా" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా దగ్గాడు. ఈరమ్మ బుడిగిని మూతితో తోస్తూ పరుగెత్తింది. "పోలీ, పద!" అని గొంతు చించుకుంది. పోలి కదల్లేదు. మందలో ఎవరూ కదల్లేదు. పూలు నమలడం కూడా ఆపలేదు.

మద్దిచెట్టు మీద గోరింక ఇకిలిస్తూ, "ఈరమ్మ పరుగు చూడండి!" అంది. పోలి నవ్వుతూ తల ఎత్తింది. ఆ ఎత్తిన తల అలాగే ఉండగా చిరుత దాని మెడ పట్టింది.

ఆ పొద్దు గోరింక చెప్పిన కబురు ఏమిటో తెలుసా? "పోలి అనే పడుచు దుప్పి తల్లి పోరు పడలేక గుట్ట దాటి వేరే మందలోకి వెళ్ళిపోయింది. చిరుతేదో వచ్చిందని కొందరు పుకార్లు పుట్టిస్తున్నారు. ఒకవేళ వచ్చినా, ఈరమ్మ పరుగు చూసే వచ్చిందేమో ఆలోచించండి." కళ్ళముందు జరిగిన చావది! పక్కనే నిలబడి చూసినవాళ్ళు ఉన్నారు. సాయంత్రానికి వాళ్ళే "నాకు దుమ్ములో సరిగా కనబడలేదు" అనడం మొదలుపెట్టారు. సిగ్గు లేకపోతే సరి! చూసింది చూశామని చెప్పడానికి కూడా గోరింక సెలవు కావాల్సి వచ్చింది వాళ్ళకు.

ఈరమ్మ ఏడవలేదు. నక్క రోజూ గోరింకకు చెదలపుట్ట తవ్వి పెట్టడం ఆమె కంటబడింది. గురవయ్య చెట్టు కింద నిలబడి పళ్ళు నూరుతూ అంది, "అన్నా, రేపు చిరుత లేకపోయినా దగ్గు. ఆ నక్క మడుగు పక్కన ఉన్నప్పుడు దగ్గు. అది పారిపోతుంది, మంద చూస్తుంది."

గురవయ్య తల గోక్కున్నాడు. "నీ కడుపుకోత నాకు అర్థమైంది చెల్లీ. కానీ లేనిది ఉందని ఒక్కసారి దగ్గితే, ఆ రోజు నుంచి నేనూ గోరింకనే. ఆ పని మాత్రం చెయ్యను."

ఆ మాటకు ఈరమ్మకు మొదట కోపం వచ్చింది. తర్వాత తల దించుకుంది. "సరే. నిజంగా వచ్చినప్పుడే దగ్గు. ఆ వేళకు నక్కను అక్కడ కూర్చోబెట్టే పని నాది" అంది.

మర్నాడు పొద్దుటి కబుర్ల వేళ ఆమె మంద మధ్యకు వచ్చి ముందుకాళ్ళ మీద వంగింది. "నాదే తప్పు. కోతుల మాట విని మీ అందరినీ హడలగొట్టాను. ఇక నక్క బావ మాటే నా మాట. కానీ ఆడదాన్ని, పసిదాని తల్లిని, బెరుకు ఒక్కసారిగా పోదు కదా. సాయంత్రాలు మేం నీళ్ళు తాగేటప్పుడు నక్క బావ మడుగు పక్క పొద దగ్గర కూర్చుంటే, నాకూ ధైర్యం, అందరికీ ధైర్యం."

నక్క చెవులు రిక్కించింది. తప్పించుకోవడానికి నోరు తెరిచేలోపే గోరింక రెక్కలు టపటపలాడించింది. మసాలా దొరికితే దానికి ఒళ్ళు తెలియదు. "వినండి, వినండి! నక్కగారు స్వయంగా పొద పక్కనే కూర్చుంటారు! చిరుత అనేదే లేదని తన ప్రాణం అడ్డుపెట్టి చూపిస్తారు! కూత ఎన్నిసార్లు వినబడినా కాలు కదపరు!"

మంద జేజేలు కొట్టింది. నక్క మింగలేక కక్కలేక, "అలాగే, అలాగే. మీ మేలుకోసమే కదా" అని పళ్ళికిలించింది. ఆ మధ్యాహ్నమే చిరుత దగ్గరికి పరుగెత్తి, "ప్రభూ, ఒక్క నాలుగు రోజులు మడుగు వైపు రాకండి. ఆ తర్వాత మందంతా మీదే" అని కాళ్ళు పట్టుకుంది. చిరుత ఆవులించి ఊరుకుంది. దాన్ని ఒప్పుకోవడం అనుకుంది నక్క.

మొదటి సాయంత్రం ఏమీ కాలేదు. రెండో సాయంత్రం కూడా కాలేదు. నక్క పొద పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది, దాని నెత్తిన గోరింక. దుప్పులు నడుముల లోతు నీళ్ళలోకి దిగి నింపాదిగా తాగాయి. "చూశావా ఈరమ్మా?" అన్నాడు అంకన్న. ఈరమ్మకు సంగతి అర్థమైంది. నక్కను పట్టిద్దామని తను పన్నిన ఉపాయమే నక్కకు ఇంకా పేరు తెచ్చిపెడుతోంది. బుడిగి ఆమె కాళ్ళ సందున నిలబడి నీళ్ళు చప్పరిస్తోంది. దాన్ని ఆ మడుగుకు తెచ్చింది కూడా తనే.

మూడో సాయంత్రం పొద్దు గుట్ట మీదికి వాలుతుండగా గురవయ్య దగ్గాడు. "ఖ్ఖ! ఖ్ఖ!"

"అబద్ధం!" అని అరిచింది గోరింక. "ఎవరూ కదలొద్దు! పూలకోసం ఆడుతున్న నాటకం!"

మంద కదల్లేదు. ఈరమ్మ బుడిగిని ఒడ్డుకు తోస్తూనే ఒక్క కేక పెట్టింది. "గోరింక నోటికేసి కాదు! నక్క కాళ్ళకేసి చూడండి!"

అందరూ చూశారు. నక్క ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది. కాళ్ళు మాత్రం వణుకుతున్నాయి. గురవయ్య ఎన్నడూ అబద్ధం దగ్గడని ఆ వనంలో అందరికంటే బాగా తెలిసింది దానికే మరి. మూడోసారి "ఖ్ఖ!" అనేసరికి నక్క పైకి లేచి, తోక ముడిచి పరుగు లంకించుకుంది. నెత్తి మీద గోరింక ఊగిపోతూ, "ఎవరూ పరుగెత్తకండి! ఇక్కడ ఎవరూ పరుగెత్తడం లేదు!" అని అరుస్తూనే ఉంది.

ఇక మందకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. నీళ్ళు చిమ్ముతూ అందరూ అవతలి ఒడ్డెక్కారు. అందరికంటే నాలుగు అడుగులు ముందు బుడిగి ఉంది. చిరుత దూకేసరికి మడుగులో ఒక్క దుప్పీ లేదు. మూడు రోజుల ఆకలి మీదుంది అది. ఎదురుగా దుప్పంత వేగం లేని ప్రాణి ఒకటి పరుగెడుతోంది.

"ప్రభూ! నేను! మీ నక్కను!"

"నాలుగు రోజులు ఆగమన్నావు. నీ మాట నమ్మి మూడు రోజులు పస్తున్నాను" అంది చిరుత. ఆ తర్వాత నక్క గొంతు వినబడలేదు. గోరింక ఎగిరి మద్దిచెట్టెక్కి, నక్కగారు పని మీద పొరుగు అడవికి వెళ్ళారని చెప్పింది. వినడానికి కింద ఎవరూ లేరు.

గుట్ట అవతల అంకన్న తల వేలాడేసుకుని ఈరమ్మ దగ్గరికి వచ్చాడు. "మోసపోయాం తల్లీ. ఆ గోరింక మమ్మల్ని మాయ చేసింది."

"మాయ కాదు మామా" అంది ఈరమ్మ, ఒగరుస్తున్న బుడిగి వీపు నాకుతూ. "పోలి చచ్చింది నీకు రెండు బారల దూరంలో. నీ కొమ్ముల మీద దాని రక్తం చిందింది. అయినా ఆ పొద్దే గోరింకను అడిగి తెలుసుకున్నావు అది చచ్చిందో లేదో. నక్కను చిరుత చంపింది. నిన్ను నేనేం చెయ్యను?"

అంకన్న తన కొమ్ములను మట్టికేసి రుద్దుకున్నాడు.

నీతి: నమ్మమని అరిచేవాడి నోరు చూసి కాదు, ఆపద వచ్చినప్పుడు వాడి కాళ్ళు ఎటు పరుగెడతాయో చూసి నమ్మాలి.