నుంగరాయి వేసిన దుంప బొమ్మ

అనగనగా ఏడు సముద్రాల అవతల, ఎర్ర ఇసక దేశంలో ఒక ఊరర్రా. ఆ ఊళ్ళో వార్ల్‌పిరి అనే జనం. వాళ్ళలో నుంగరాయి అని ఓ పిల్ల. కిసకిసలాపండి, అది వాళ్ళకి వంశాన్ని బట్టి వచ్చే పేరు! ఊ కొడుతున్నారా?

ఆ పిల్లకి నాన్న పోయాడు. ఆయన చుక్కా చుక్కా పెట్టి, గీతా గీతా కలిపి అడవిదుంప కథ బొమ్మగా వేసేవాడు. ఆ నేలంతా తిరిగిన తొలి పెద్దల కథ అది. ఆ పిల్ల వంశం వాళ్ళే దాన్ని వెయ్యాలి, అదీ పెద్దవాళ్ళు సరేనంటేనే. నాన్న తర్వాత తనే వెయ్యాలని పిల్లకి ఒకటే ఆశ. రంగులు కలిపింది, గుడ్డ పరిచింది, వేసేసింది. మేనత్త నపల్జారిని పిలిచి చూపించింది.

మేనత్త ఇటు నించి చూసింది, అటు నించి చూసింది. "ఇదేమిటే, కొట్లో బంగాళాదుంపలు బస్తాలోంచి దొర్లినట్టున్నాయి!" అంది. చుట్టూ మూగిన ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. పిల్ల మొహం, మీ తాతయ్య అలిగితే ఎలా ఉంటుందీ, అలా అయిపోయింది.

"ఎప్పుడైనా తవ్వావుటే?" అని అడిగింది మేనత్త.

"నాన్న తెచ్చి పెడితే తిన్నాను."

"అయితే పద."

గునపం పట్టుకుని పోయారు. ఎండ, ఇసక. ఇసక, ఎండ. నేల నెర్రె విచ్చిన చోట అడుగున దుంప ఊరుతుందిట. పిల్ల ఓ నెర్రె తవ్వింది, లేదు. ఇంకోటి తవ్వింది, లేదు. గునపం విసిరేసి, నాకీ బొమ్మా వద్దు, కథా వద్దని ఏడుపు లంకించుకుంది. మేనత్త ఓదార్చిందా? లేదర్రా! చతికిలబడి పాట ఎత్తుకుంది. పెద్దలు నడిచిన దారి చెప్పే పాట. పిల్ల ముక్కు తుడుచుకుని మళ్ళీ దిగింది. తీగ వెంట వేరు, వేరు వెంట వంపు, వంపు చివర దుంప! మన చిలగడదుంపకి పెదనాన్న కూతురనుకోండి.

వేడి బూడిదలో కాల్చి, ఊదుకుంటూ నోట్లో పెట్టుకుంది. నాన్న తొక్క వలిచి తినిపించడం గుర్తొచ్చింది. మేనత్త ఈసారి నవ్వలేదు. తన ముక్క కూడా పిల్ల చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి పిల్ల మళ్ళీ మొదలెట్టింది. ముందు వేర్లు వేసింది, ఆ తర్వాతే దుంపలు. మేనత్త చాలాసేపు చూసి, "ఊఁ, మా అన్న కూతురివే. ఇక నువ్వే వెయ్యి" అంది. ఊరంతా సంబరపడింది.

అందుకే, తినేది ఎక్కణ్ణించొచ్చిందో కాస్త కనుక్కుని తినండర్రా. ఏదీ, ఊ కొట్టేవాళ్ళేరీ? సరే, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.