పెంటికల గుట్టపై మేకలే ముందు

పెంటికల గుట్ట దగ్గర బస్సు దిగిన భక్తులలో చాలామంది మొదట ఈ పేరు విని నవ్వుతారు. నవ్వండి, అమ్మ ఏమీ అనుకోదు. పేరు మార్చి ఏదో ఒక 'గిరి' అని పెట్టుకోమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. మేము మార్చలేదు, మార్చము. మెట్ల పొడవునా తుమ్మ, రేగు, తునికి చెట్లు దట్టంగా అల్లుకుని ఉంటాయి. పైన గర్భగుడిలో పసుపు పూసిన బండరాయి రూపంలో పెంటికలమ్మ కొలువై ఉంది. గుడి నేల మీద మేక పెంటికలు కనిపిస్తే ముక్కు మూసుకోవద్దని మనవి. అవి అక్కడ ఎందుకున్నాయో చెప్పడం ఈ గుడి పూజ చేసే గొల్లవారి ఇంటివాడిగా నా బాధ్యత.

పూర్వం ఈ గుట్ట నిండా అడవి ఉండేది. ఈ సీమను ఏలిన పాలెగాడు చిక్కప్ప నాయకుడు కోట కట్టించదలచి, సున్నపు బట్టీల కోసం చెట్లన్నీ నరికించాడు. బట్టీలు ఆరేనాటికి గుట్ట బోడిగా మిగిలింది. పడిన వాన పడినట్టే జారిపోయింది, బావులు అడుగంటాయి. ప్రజలు గొణగడం మొదలుపెట్టగానే నాయకుడు నెపాన్ని మేకల మీదకు నెట్టాడు. గుట్టను మేకలే మేసేశాయనీ, మృగశిర కార్తె నాటికి సీమలోని మేకలన్నింటినీ కోట వంటశాలకు అప్పగించాలనీ చాటింపు వేయించాడు. నోరులేని జీవాలు కాబట్టి ఆయనకు సరిపోయింది.

కాపరులు చాలామంది మందలను ఏరు దాటించి వెళ్ళిపోయారు. ఉలిగమ్మ అనే గొల్ల వితంతువు మాత్రం కదలలేదు. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ మందే. చాటింపు వేసిన తలారితోనే ఆమె, "మా మేకలు కొమ్మ తింటాయి గానీ మొదలు నరకవప్పా. నరికినోళ్లెవరో పోయి మీ దొరనే అడుగు" అంది.

మర్నాడు ఏటి ఒడ్డున మిగిలిన తుమ్మ చెట్ల కింద మేకలు రాలిన కాయలు తింటుండగా ఆమెకు కన్నంటుకుంది. కలలో అమ్మ కనిపించి, "నా విత్తనం నీ మేకల కడుపులో దాచుకున్నాను. పగలు ఇక్కడ మేపు, పొద్దుగూకితే నా గుట్ట మీద మంద కట్టు" అని ఆనతిచ్చింది. ఆ మాటలోని మర్మం ఉలిగమ్మకు తెలియలేదు. తెలియకపోయినా చెప్పినట్టే చేసింది.

ఈ ప్రాంతంలో కాపరి రాత్రిపూట మందను రైతు చేలో కట్టడం ఆనవాయితీ. చేనికి ఎరువు దక్కుతుంది, కాపరికి తిండిగింజలు దక్కుతాయి. అలాంటిది ఆమె బోడిగుట్ట మీద, ఒక్కో సాయంత్రం ఒక్కో చోట మంద కట్టసాగింది. ఆనవాయితీ తప్పిందని రైతులకు కోపం వచ్చింది. "బండకు ఎరువేస్తే ఏం పండుతాది, పిచ్చిదానా?" అని ఎగతాళి చేసి, గింజలు పోయడం మానేశారు. ఆమె ఆకూ దుంపా ఏరుకు తిని పూట గడుపుకుంది. మందను మాత్రం గుట్ట మీదే కట్టింది.

మృగశిర ప్రవేశించింది, తొలకరి కురిసింది. గడువు తీరిందని నాయకుడు భటులతో వచ్చాడు. ఉలిగమ్మ మందనంతా గుట్ట మీది అమ్మ గుడిలోకి తోలి, గడపకు అడ్డంగా కూర్చుంది. అపచారం, మేకలను బయటికి తోలమని కింది నుంచి భటులు అరిచారు. "గుట్ట అమ్మది, మేకలూ అమ్మవే. అమ్మ గుడిలో గాక ఇంకేడ ఉంటాయి? కోసేదుంటే ముందు నన్ను కొయ్యండి" అని ఆమె బదులిచ్చింది.

నాయకుడు గుర్రాన్ని పైకి అదిలించాడు. అది నాలుగడుగులు వేసి మొరాయించింది. మంద కట్టిన ప్రతి చోటా, మేకలు నెమరేస్తూ ఉమ్మిన గింజల నుంచీ, పెంటికల్లో నాని చిట్లిన గింజల నుంచీ తుమ్మ మొలకలు లేచాయి. చూస్తుండగానే అవి నడుమెత్తు పెరిగి ముళ్ళ కోట కట్టాయని పెద్దలు చెబుతారు. చెట్టు అంత వేగంగా పెరుగుతుందా అని అడిగేవారు అడగవచ్చు, నేను పెద్దల మాటే నమ్ముతాను.

గుర్రం దిగి, ముళ్ళకు కాళ్ళు గీరుకుపోతున్నా పైకెక్కిన నాయకుడు, "ఇవన్నీ ఎవరు నాటినారు?" అని అడిగాడు. కలకు అర్థం ఉలిగమ్మకు కూడా అప్పుడే తెలిసింది. "నాటినోళ్లు లోపల నెమరేస్తా ఉండారు. వంగి చూడు దొరా" అంది. వాకిలి పొట్టిది కనుక నాయకుడు వంగక తప్పలేదు. చూసినవాడు కత్తి గడప బయట పెట్టి, చాటింపు రద్దు చేశాడు.

నేటికీ మృగశిర తొలిరోజున ముందుగా మందలే గుడిలోకి వెళతాయి. తరువాతే మనుషులు. ఎంతటివారైనా ఆగవలసిందే. గుట్టపైకి గొడ్డలి తేకూడదు. నక్కలు విడిచిన రేగు గింజలనూ, ఎలుగులు విడిచిన తునికి గింజలనూ ఎవరూ ఊడ్వరు. అమ్మ ప్రసాదంగా దొన్నెలో పెంటికలే ఇస్తాము. వాటిని భక్తితో బీడులో చల్లినవారికి నీడకూ నీటికీ లోటు రాదని నమ్మకం.

ఈ మధ్య కొందరు పెద్దమనుషులు వచ్చి, మేకల వల్ల ఈ అడవి పాడవుతుందనీ, గుట్ట చుట్టూ ఇనుప కంచె వేయాలనీ చెప్పారు. వారికి మజ్జిగ ఇచ్చి, తుమ్మ చెట్ల నీడన కూర్చోబెట్టి, మందను వారి ముందు నుంచే పైకి తోలాము.