గుట్ట అవతలి దుమ్ము

ఒక గుట్ట చివర మడుగు ఉంది. మిగతా కాలాల్లో దాని ముఖం ఎవరూ చూడరు. గుట్టకి ఇటువైపు గేదెలకి ఒక బురదగుంట, అటువైపు అడవిపందులకి ఒక బురదగుంట. ఎవరి బురద వాళ్ళకి పన్నీరు. రోహిణి ఎండలు ముదిరేసరికి మాత్రం గుంటలు రెండూ నెర్రెలిచ్చి, ఆ మడుగొక్కటే మిగులుతుంది. అది మాదంటే మాదని ఒకప్పుడు కొమ్ములతో, కోరలతో తేల్చుకునేవారు. చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళకి బుద్ధొచ్చి తాటికాయ ఆట పెట్టుకున్నారు.

రెండు జట్లూ భుజం భుజం కలిపి ఎదురెదురుగా నెట్టుకోవాలి. కాళ్ళ మధ్య ఎండిన తాటికాయ ఉంటుంది. దాని పీచు పళ్ళతో పట్టుకుని, అవతలి జట్టు గీత దాటిస్తే గెలుపు. కుమ్మొచ్చు, పొడవకూడదు. పరుగెత్తలేనివాళ్ళకి పరుగెత్తేవాళ్ళ తప్పులు బాగా కనబడతాయి కాబట్టి తాబేలుని రెఫరీగా పెట్టారు. చలికాలమంతా పొట్టేళ్ళతోనూ ఎలుగుబంట్లతోనూ చిన్న ఆటలు, రోహిణి రాకముందు గేదెలకీ పందులకీ ఆఖరి ఆట. గెలిచినవాళ్ళకి వానలు పడేదాకా మడుగు. ఓడినవాళ్ళకి కాలిపోయే బండరాళ్ళ మీదుగా దూరపు వాగు దాకా నడక.

కిందటేడు ఆ నడక గేదెల పాలైంది. జట్టు పెద్ద కాటుక దాన్ని మర్చిపోలేదు. వాగు దాకా పోతే మోకాలి లోతు నీళ్ళు, తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా మళ్ళీ పెనం. తోలు పగిలి, పగుళ్ళలో ఈగలు చేరి, వెనకబడిన ముసలి గేదెలు దారిలోనే కూలబడిపోతుంటే చూస్తూ నడిచింది. ఈ ఏడు తన మంద ఆ బండరాళ్ళు తొక్కకూడదు. ఆమెకి కావలసింది అంతే.

ఈ ఏడు చలికాలమంతా గేదెలు బాగానే ఆడాయి. పొట్టేళ్ళు మట్టి కరిచాయి, ఎలుగుబంట్లు జుట్టు పీక్కున్నాయి. ఆఖరి ఆట దగ్గరపడుతోందనగా ఒక ఉదయం కాటుక తలెత్తి చూస్తే, గుట్ట అవతల ఆకాశం ఎర్రగా ఉంది. దుమ్ము. మధ్యాహ్నానికీ తగ్గలేదు. పొద్దు వాలేవేళకి ఇంకా పెరిగింది.

అది కాస్త సద్దుమణగగానే, దారి తప్పినవాడిలా మొహం పెట్టుకుని, నక్క చిట్టెన్న అటుగా వచ్చాడు. పందుల జట్టుకి కసరత్తు నేర్పేది అతనే.

"అక్కగారూ, దండాలు. గుక్కెడు నీళ్ళు తాగి పోతాను."

"తాగు. ఏంటయ్యా ఆ దుమ్ము?"

"ఏం చెప్పమంటారు!" చిట్టెన్న తల పట్టుకున్నాడు. "మా పందులకి పిచ్చెక్కింది. తెల్లారిన దగ్గర్నుంచి నెట్టుడే నెట్టుడు. ఒళ్ళు పాడైపోతుంది, కాస్త ఆగండర్రా అంటే నన్నే కుమ్మడానికి వస్తున్నారు. మీరైనా హాయిగా బురదలో పడుకుంటున్నారు, అదృష్టవంతులు."

హాయిగా అన్న మాట కాటుక గుండెలో ముల్లులా దిగింది. ఆ ముల్లు దిగిందని చూసుకున్నాకే చిట్టెన్న నీళ్ళు తాగాడు.

కాటుక తిన్నగా గాడిద గంగులు దగ్గరికి వెళ్ళింది. గేదెల చేత కసరత్తు చేయించేవాడు గంగులు. బతుకంతా మూటలు మోసినవాడు. మూట మోస్తే ఇంకో మూట దొరుకుతుందని తప్ప లోకం గురించి అతనికి ఇంకేమీ తెలియదు.

"బాబాయ్, రేపట్నుంచి రెండింతలు చేయించు."

"మూడింతలు చేయిస్తా," అన్నాడు గంగులు, పండగొచ్చినట్టు చెవులు నిక్కించి.

"బురదగుంట బందు. పొద్దు గుంకేదాకా ఎవరూ పడుకోవడానికి లేదు."

మర్నాటి నుంచి గేదెల గిట్టల కింద నేల పిండి అయింది. నెట్టు, తోయి, లే, మళ్ళీ నెట్టు. వీపుల మీద వాలిన కొంగల్ని కూడా కాటుక కొమ్ములూపి తరిమేసింది. "తోలు పట్టిన గోమార్లు ఏరించుకుంటూ కూర్చోవడానికి ఇది పెళ్ళిసందడి కాదు. పోండి!"

కొంగల పెద్ద సూదమ్మ ఎగురుతూ ఎగురుతూ, "ఏం రోగం వదినా నీకు?" అని అరిచింది. కాటుక వినిపించుకోలేదు. ఆమె కళ్ళు గుట్ట మీదే ఉన్నాయి. వీళ్ళు ఎంత చేస్తే అటు దుమ్ము అంత లేస్తోంది.

కొద్దిరోజులకి మంద మారిపోయింది. మేత ముట్టేవాళ్ళు లేరు. నెమరు వేసేటప్పుడు నిద్ర, నిద్రపోవలసినప్పుడు తగువులు. మందలోకెల్లా చురుకైనది నేరేడు. తాటికాయ దాని నోట పడితే గాలి కూడా పట్టుకోలేదు. అలాంటి నేరేడు ఒక మిట్టమధ్యాహ్నం నెట్టుడులో ముందుకాళ్ళు మడతపడి కూలిపోయింది.

"లే!" అంది కాటుక.

"అక్కా, జబ్బ పట్టేసింది."

"పందులకి పట్టేయడం లేదా జబ్బలు? చూడు, అక్కడ దుమ్ము చూడు!"

"దుమ్ము నువ్వు చూడక్కా," అంది నేరేడు నేల మీంచే. "నన్ను కూడా ఒక్కసారి చూడు."

కాటుక చూసింది. దాని డొక్కలు లోపలికి పోయాయి. తోలు పగిలింది. కిందటేడు వాగు దారిలో కూలబడిన ముసలి గేదెలకి ఉన్న కళ్ళే ఈ పడుచుపిల్లకీ ఉన్నాయి. అయినా చాలు అనలేకపోయింది. దుమ్ము అలాంటిది. కంటికి కనబడేది అదొక్కటే కాబట్టి, కనబడనిదంతా మనమే ఊహించుకుని వణుకుతాం.

ఆ సాయంత్రం కాటుక ఒక్కతే గుంట గట్టున నిలబడి ఉంటే, వీపు మీద ఏదో వాలింది.

"కొమ్ములూపకు వదినా, కన్ను పోతే నువ్వే పోషించాలి నన్ను," అంది సూదమ్మ.

"తరిమేశాను కదా, మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"తరిమావు. అది తప్పే. దాని సంగతి తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం. ముందు నా మాట విను. నువ్వు తరిమేశాక పిల్లల్తో సహా పస్తు. పోనీలే, పందుల దగ్గరికి పోదాం, అంత దుమ్ము లేస్తోందంటే గిట్టల కింద మిడతలు జాతరలా లేస్తుంటాయి అని ఆశపడి గుట్ట దాటాం. ఏముందనుకున్నావ్?"

"ఏముంది?"

"మిడత కాదు కదా, మిడత కాలు కూడా లేదు! పందులన్నీ బురదలో గుర్రుపెట్టి నిద్ర. చిట్టెన్న ఒక్కడే తోకకి తుమ్మకంప కట్టుకుని, బయలంతా చిందులు తొక్కుతున్నాడు. అదీ నీ దుమ్ము!"

"అబద్ధం."

"నా ముక్కు చూస్తే అబద్ధాలాడేదాన్లా ఉన్నానా? నడువు, చూపిస్తా."

వెలుతురుండగానే ఇద్దరూ గుట్టెక్కారు. కింద పందుల పెద్ద కోరయ్య వెల్లకిలా పడుకుని, పొట్ట మీద బురద పూసుకుని, కాళ్ళు గాల్లోకి పెట్టి నిద్రపోతున్నాడు. తతిమ్మా మందంతా అదే భంగిమ. మధ్యలో చిట్టెన్న కంప ఈడ్చుకుంటూ పరుగు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. మధ్యమధ్య ఆగి గుట్ట వైపు చూసి నవ్వుకుంటున్నాడు.

కాటుక ముక్కుపుటాలు అదిరాయి. కాలు దువ్వింది.

"ఆగు!" సూదమ్మ ఆమె కొమ్ముల మధ్యకి వచ్చి నిలబడింది. "ఇప్పుడు దిగి కుమ్మావనుకో, రేపు ఇంకో ఎత్తు వేస్తాడు. వాడికి తెలియనివ్వకు."

కాటుక కాలు దించింది. గుట్ట దిగాక, "సూదమ్మా," అంది, "నక్క నన్ను మోసం చేశాడని కాదు నా బాధ. వాడు దుమ్మే చూపించాడు. నా పిల్లల ఒళ్ళు హూనం చేసింది నేను."

"తెలిసింది కదా. పద, బాగుచెయ్యి."

చీకటి పడకముందే కాటుక మందని పిలిచింది. చూసినది చూసినట్టు చెప్పింది. తప్పు నాదేనంది. పెద్దరికం పోతుందేమోనని నసగలేదు. నేరేడు దగ్గరికి వెళ్ళి దాని జబ్బ నాకింది.

"రేపట్నుంచి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాసేపే కసరత్తు. ఆ కాసేపూ ఒళ్ళు దాచుకోకుండా, ఆటలో నెట్టినట్టే నెట్టాలి. ఎండ ఎక్కగానే అందరూ బురదలోకి. మేత, నెమరు, నిద్ర. ఇవి కూడా కసరత్తులోవే, ఎగ్గొట్టినవాళ్ళని నేను ఊరుకోను."

గంగులు చెవులు వేలాడేశాడు. "అమ్మాయ్, ఆఖరి ఆట ముందు పడుకోవడమా? మరీ అన్యాయం. ఇప్పుడు చెయ్యకపోతే బలం ఎప్పుడొస్తుంది?"

"చలికాలమంతా చేయించావు కదా బాబాయ్. ఆ బలం వచ్చేసింది. ఎలుగుబంట్లని నెట్టింది దాంతోనే కదా? ఇప్పుడు కొత్తగా తేవడానికి టైము లేదు, ఉన్నది పారబోయడానికి మాత్రం బోలెడుంది."

గంగులు గిట్టతో నేల గీకాడు.

"సరే గానీ బాబాయ్, మూట దించాక నువ్వేం చేస్తావ్?"

"దుమ్ములో పొర్లుతా. ఒళ్ళు తేలికవుతుంది."

"ఎంతసేపు?"

"ఎవడు పొర్లనిచ్చాడు నన్ను!" అన్నాడు గంగులు, బతుకులో మొదటిసారి ఎవరో ఆ సంగతి అడిగినందుకు చెవులు మళ్ళీ నిక్కించి.

"రేపట్నుంచి నీ ఇష్టం. పొద్దుగూకేదాకా పొర్లు. అన్నదమ్ముల్ని కూడా తెచ్చుకో."

మర్నాడు గేదెలన్నీ బురదలో కళ్ళు మూసుకున్నాయి. ఇవతలి బయల్లో గంగులూ అతని చుట్టాలూ పొర్లుతుంటే ఎర్రటి దుమ్ము గుట్టని మించి లేచింది. కొంగలు మళ్ళీ గేదెల వీపులెక్కాయి. సూదమ్మ మాత్రం రోజూ గుట్ట దాటి వార్తలు మోసుకొచ్చేది.

"వదినా, కోరయ్య లేచాడు! దుమ్ము చూశాడు. 'ఏరా చిట్టెన్నా, ఈపాటికి గేదెలు కుప్పకూలతాయన్నావ్, అవేమో ఇంకా నెడుతున్నాయి!' అని మీద పడ్డాడు."

"వాడేమన్నాడు?"

"'దుమ్ము నమ్మకండి బాబూ, దుమ్ము ఎవరైనా లేపొచ్చు' అన్నాడు పాపం. 'నువ్వే కదరా దుమ్ము చూస్తే ఎవరైనా హడలిపోతారన్నావ్' అని కోరయ్య తరిమాడు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం పూట పందులన్నీ నెట్టుకుంటున్నాయి. మిడతలు, వదినా! నా పిల్లలు తినలేక చస్తున్నారు!"

కాటుక చాలా రోజుల తర్వాత నవ్వింది. బురదంతా కదిలింది.

ఆట రోజు వచ్చింది. తాబేలు మెడ చాచి, మొదలెట్టండి అంది. కోరయ్య జట్టు మొదటి నెట్టుడు గట్టిగానే నెట్టింది. గేదెలు రెండడుగులు వెనక్కి పోయాయి కూడా. గట్టు మీంచి చిట్టెన్న ఊళ వేశాడు. కాటుక కంగారు పడలేదు. అవతలి పందుల ఊపిరి ఆమె ముఖానికి తగులుతోంది. అది వేడిగా, పొట్టిగా, తెగి తెగి వస్తోంది. తన పక్కవాళ్ళ ఊపిరి నెమ్మదిగా, నిండుగా ఉంది.

"ఇంకాసేపు నిలబడండమ్మా," అంది మెల్లగా. "నిలబడితే చాలు."

నిలబడ్డారు. ఎండ నడినెత్తికి ఎక్కేసరికి పందుల నాలుకలు బయటికొచ్చాయి. ఒకటి మోకరిల్లింది. దాని పక్కది దాని మీద పడింది. "ఇప్పుడు!" అంది కాటుక. ఇన్నాళ్ళ నిద్రా, ఇన్నాళ్ళ మేతా ఒక్కసారిగా భుజాల్లోంచి బయటికొచ్చినట్టు గేదెలు తోశాయి. పందుల గోడ పగిలింది. తాటికాయ దొర్లి పక్కకొచ్చింది. అక్కడ నేరేడు ఉంది. జబ్బ ఇంకా పూర్తిగా మానలేదని దాన్ని నెట్టుడులో పెట్టకుండా, అంచున నిలబెట్టింది కాటుక. పీచు పట్టుకుని నేరేడు పరుగెత్తింది. కోరయ్య వెంటపడ్డాడు గానీ, కాళ్ళు మాట వినక సగం దారిలోనే చతికిలబడ్డాడు. నేరేడు గీత దాటి, ఆగడం మర్చిపోయి, మడుగులోకి దూకేసింది.

"గెలుపు గేదెలది!" అంది తాబేలు.

గట్టు మీద చిట్టెన్న గుండెలు బాదుకున్నాడు. "విశ్రాంతి తీసుకోండి అని మొత్తుకున్నానా లేదా? ఆ దుమ్ము ఉత్తదని కాళ్ళు పట్టుకున్నానా లేదా?"

"మొత్తుకున్నావు," అన్నాడు కోరయ్య రొప్పుతూ. "నీ నోట్లోంచి నిజం కూడా వస్తుందని మాకెలా తెలుస్తుందిరా?" అని లేవబోయాడు. అది చూసి చిట్టెన్న గుట్టెక్కి, మళ్ళీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

పందులు తలలు దించుకుని దూరపు వాగు దారి పట్టబోతుంటే కాటుక చూసింది. ఆ బండరాళ్ళ వేడి ఆమె గిట్టలకి తెలుసు.

"కోరయ్య బావా! పొద్దు వాలాక మేము మేతకి పోతాం. అప్పుడు మడుగు ఖాళీ. మీరు దిగండి."

కోరయ్య నమ్మనట్టు చూశాడు. తర్వాత, "మేం గెలిచిన ఏడు నీకీ మాట చెప్పలేదే," అన్నాడు చిన్నగొంతుతో.

"చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని మరీ దిగు," అంది సూదమ్మ మధ్యలో దూరి.

కాటుక నీళ్ళలోకి దిగింది. పగుళ్ళలోకి చల్లదనం పాకుతుంటే కళ్ళు మూసుకుంది. పక్కన నేరేడు, గట్టున ఇంకా పొర్లుతున్న గంగులు, వీపు మీద సూదమ్మ. తరిమినా తిరిగొచ్చింది ఒకతి, కూలినా కోపం పెట్టుకోలేదు ఇంకొకతి, పద్ధతి మార్చినా పని మానలేదు మూడోవాడు. తనకి వీళ్ళంతా దొరకడానికి ఏం పెట్టి పుట్టిందో ఆమెకి అర్థం కాలేదు.

"సూదమ్మా, నీ రుణం..."

"కదలకు వదినా. పెద్ద గోమారి దొరికింది."

చివరి ఆట ముందు ఒంటిని పరుగెత్తించడానికి భయం చాలు, విశ్రాంతినివ్వడానికి గుండె కావాలి.