చెప్పినట్టే వాయించిన మేస్టారు

ప్రణీత్‌కి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. విశాఖలో నలుగురు కుర్రాళ్ళు కట్టిన రాక్ బ్యాండుకి గాయకుడు అతనే, పెత్తనమూ అతనిదే. వాళ్ళ మొదటి ఆల్బమ్ ఆ రాత్రిలోగా సరిచేసి పంపకపోతే పాటలు విడుదలచేసే కంపెనీవాళ్ళు తమ మనిషికి అప్పగిస్తామన్నారు. ఆపైన ఏది ఉంచినా, ఏది తీసేసినా వాళ్ళ ఇష్టమే.

ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి విజయనగరం వచ్చి, చిన్నప్పుడు తనకు మృదంగం నేర్పిన సన్యాసయ్య మేస్టారి ముందు కూలబడ్డాడు.

"పాటల్లో ప్రాణం లేదంటున్నారండీ. అవి ఇంకొకడి చేతిలో పడితే నేను తట్టుకోలేను. ఎలాగైనా నా చేతిలోనే ఉండాలి."

"ఇప్పుడెవరి చేతిలో ఉన్నాయిరా?"

"నా చేతిలోనేనండి. డ్రమ్స్ వాయించే సైమన్ ఉన్నాడే, వాడు ఎక్కడపడితే అక్కడ సొంతం కలుపుతాడు. వాడిదంతా తీసేసి, నాకు కావలసిన దెబ్బలు కంప్యూటర్లో నేనే పేర్చుకున్నాను."

"అతగాడేమన్నాడు?"

"ఏమీ అనలేదండి. స్టూడియోకి రావడం మానేశాడు."

 మేస్టారు నాదం గంభీరంగా పలకడానికి తడి రవ్వ ముద్ద చేసి మృదంగం ఎడమవైపు అద్దారు. వేలితో మీటి చూసుకున్నారు. తమ పక్కన ఆయన వాయిస్తే చాలని పెద్ద పెద్ద గాయకులు కాచుకుని కూర్చునేవారు.

"నీ పాటే పాడు. నువ్వు చెప్పిందే వాయిస్తాను."

ప్రణీత్‌కి ప్రాణం లేచొచ్చింది. పాట ఎత్తుకున్నాడు. మేస్టారి చేతులు కదల్లేదు.

"ఏం వాయించను?"

"మీకు తెలీనిదేముందండీ!"

"నాకు తెలిసింది వద్దు. నువ్వు చెప్పు."

"తకధిమి వాయించండి."

మేస్టారు తకధిమి వాయించి ఆగారు. "తర్వాత?"

"మళ్ళీ అదేనండి."

"గట్టిగానా, మెల్లిగానా?"

"మెల్లిగా."

"ఎడంచెయ్యి ఎంత నొక్కమంటావు?"

ఆ మొహంలో వెటకారమేమీ లేదు. మొదటిరోజు పాఠానికొచ్చిన పిల్లాడిలా బుద్ధిగా అడుగుతున్నారు.  ప్రణీత్ పల్లవి దాటకుండానే తను రాసుకున్న మాటలే మరిచిపోయాడు.

"ఇలా అడుగుతూ కూర్చుంటే నేనెలా పాడేదండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అంతా నీ చేతిలోనే ఉండాలంటే, మరి నా చెయ్యి కూడా నువ్వే చూసుకోవాలి కదరా," అన్నారు మేస్టారు.

 ప్రణీత్ లేచి ఆయన కాళ్ళకు దండం పెట్టి, వీధిలోకొచ్చి సైమన్‌కి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"ఊఁ," అన్నాడు సైమన్.

"స్టూడియోకి రారా. ఇవాళే. నేను విజయనగరం నుంచి బయల్దేరుతున్నాను."

"ఎందుకు? నీకు కంప్యూటరుందిగా."



"నువ్వు వాయిస్తుంటే నాకు పాడాలనుందిరా."



"ఏ బస్సుకొస్తున్నావు?" అన్నాడు సైమన్.