నల్లసిరా చామంతులు

ఓడ దిగిన చీనా చిత్రకారుడు రాజుగారికి ఒక బొమ్మ కానుకిచ్చాడు. ఉత్త నల్లసిరాతో గీసిన బొమ్మ, పూలు పట్టుకున్న పడుచు.

మంత్రి పెదవి విరిచాడు. "రంగుల్లేని పూలేమిటి ప్రభూ? మనల్ని వెక్కిరించడమే! వీణ్ణి తరిమేయండి."

సభకు దండలు తెచ్చిన గురవమ్మ ముందుకొచ్చింది. మొన్న జ్వరంలో కషాయం పోసి తనను బతికించింది ఆ చిత్రకారుడే.

"మంత్రిగారూ, రాణిగారికి అచ్చం ఆ పూలతోనే దండ కడతాను. ఏ పూలు తెమ్మంటారు?"

"కళ్లు లేవా? పసుపుపచ్చ చామంతులు!"

"ఆ పసుపు తమరికెక్కడ కనపడింది బాబయ్యా?"

మంత్రి బొమ్మకేసి మళ్లీ చూశాడు. రాజు పకపకా నవ్వి, తన మెడలోని హారం తీసి చిత్రకారుడికి వేశాడు.

సాయంత్రం చిత్రకారుడు గురవమ్మ గుమ్మంలో నిలబడి, చేతులు జోడించి, మరో బొమ్మ ఇచ్చాడు. అందులో గురవమ్మే, ఒళ్లో పూలబుట్టతో.

గురవమ్మ కళ్లొత్తుకుంది. "మల్లెలు... ఎంత వాసనేస్తున్నాయి నాయనా!"