రాజుగారి కారులో టకటక

అనగనగనగా, మబ్బులు కొండల మీద తలవాల్చి నిద్రపోయే ఓ దేశం. ఆ దేశానికి హేమకేతు అనే రాజు. ఆ రాజుకో రాణి, మందారవల్లి. ఆ ఇద్దరికీ కలిపి ఓ పాత కారు.

పెళ్లినాడు రాజు రాణిని ఎక్కించుకొచ్చింది ఆ పావురం రంగు కారులోనే. అప్పట్నుంచీ ప్రతి సాయంత్రం తానే నడుపుతూ ఆమెను కొండమీదికి తీసుకెళ్లేవాడు. సూర్యుడు కుంకుమలా కరిగిపోవడం చూసి ఇద్దరూ తిరిగొచ్చేవారు. పైకెళ్లే దారిలో చల్లగాలికి రాణి రాజు భుజం మీద కునుకు తీసేది.

ఈమధ్య కొండెక్కేటప్పుడు ఇంజనులోంచి టకటక, టకటక అని చప్పుడు. లోపలెవరో కూర్చుని తలుపు కొడుతున్నట్టు. రాజుకు దిగులు పట్టుకుంది.

ఆస్థాన మెకానిక్కు సుంకన్న వచ్చాడు. నిలబెట్టిన కారునే స్టార్టు చేసి, చెవి పెట్టి విన్నాడు. "వయసైపోయింది మహారాజా. లోపల బేరింగులు అరిగిపోయాయి."

"ఇప్పుడు చప్పుడే రావట్లేదు కదయ్యా?"

"కొత్తవాళ్ల ముందు సిగ్గుపడుతోంది ప్రభూ."

తర్వాత కార్ల వర్తకుడు రత్నశెట్టి వచ్చాడు. అతను కారెక్కనైనా ఎక్కలేదు. "పాత ఇనుము మహారాజా. కొలిమికి పంపేయండి. మెత్తటి సీట్ల కొత్తది తెప్పిస్తా."

ఇద్దరూ అదే మాటంటే రాజు నమ్మేశాడు. కొలిమి బండిని రమ్మని కబురు పంపి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రాణి మనసు కలుక్కుమంది. "ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. మూడు సాయంత్రాలు ఆగండి, నన్నూ విననివ్వండి."

"నిద్రపోతావుగా, ఎలా వింటావు?" రాజు నవ్వాడు.

"ఈసారి పోను లెండి."

మొదటి సాయంత్రం రాణి కబుర్లు చెబుతూ కూర్చుంది. చప్పుడు రాలేదు. రెండో సాయంత్రం పాట పాడుతూ కూర్చుంది. అప్పుడూ రాలేదు.

"నీ పాటకు మురిసి ఊరుకుంది," అన్నాడు రాజు.

రాణి మాత్రం ఆలోచనలో పడింది. నేను మెలకువగా ఉంటే మోగదు. మరి నిద్రపోతే?

మూడో సాయంత్రం కొండ మొదట్లోనే కళ్లు మూసుకుంది. దారి నిటారుగా లేచేసరికి టకటక మొదలైంది. రాణి ఓరకంట చూసింది. రాజు చేయి గేరు రాడ్డు దాకా వెళ్లింది, ఆగింది, వెనక్కి వచ్చేసింది. చదును దారిలో వేసిన పెద్ద గేరులోనే కారు ఆయాసపడుతూ ఎక్కుతోంది.

"గేరు మార్చరేం ప్రభూ?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "మారిస్తే బండి కుదుపుతుంది. నీకు మెలకువ వస్తుందని... ఇదివరకు ఇలాగే లాగేదిగా."

"అప్పుడది పడుచుది. మనకు రాలేదా వయసు? చిన్న గేరు వేసి చూడండి."

రాజు మెల్లగా గేరు తగ్గించాడు. కారు ఒక్క కుదుపు కుదిపింది. టకటక ఆగిపోయింది.

"ఇన్నాళ్లూ ఇది మొత్తుకుంటున్నది నాతోనే అన్నమాట," అన్నాడు రాజు.

"కుదిపితే కుదపనివ్వండి. లేస్తాను, మీ మొహం చూసి మళ్లీ పడుకుంటాను. బండే లేకపోతే ఎక్కడ పడుకోను?"

మర్నాడు కొలిమి బండి ఖాళీగానే వెనక్కి వెళ్లింది.

అందుకే, వస్తువు చెడిపోయిందని పారేసే ముందు, దాన్ని నడిపే చేతిని కూడా ఒకసారి చూసుకోవాలి.